రెండు పుస్తకాలు, ఒక్క ఎలక్ట్రాన్

నెక్కొండ స్టేషన్‌లో రైలు కోసం కూర్చుంటే మనుషులను చూడటమే పెద్ద కాలక్షేపం. నర్సంపేట వైపు నుంచి వచ్చేవాళ్లు, చుట్టుపక్కల తండాలవాళ్లు, వరంగల్లో చదువుకునే పిల్లలు అందరూ ఆ ప్లాట్‌ఫారం మీదే కలుస్తారు. ఆమధ్య ఒక ఆదివారం సాయంత్రం నా పక్కన కూర్చున్న కుర్రాడి ఒళ్లో రెండు లావుపాటి పుస్తకాలు కనిపించాయి. రెండూ క్వాంటం మెకానిక్స్. ఒకటి తెరుస్తాడు, నాలుగు పేజీలు తిప్పుతాడు, మూసేసి రెండోది తెరుస్తాడు. ఉండబట్టలేక పలకరించాను.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి సంవత్సరమట. ఇంటర్ దాకా తెలుగు మీడియం. తండ్రి మిర్చి వేస్తాడు. ఆ ఇంట్లో డిగ్రీ దాటినవాడు తనే మొదలు.

“వచ్చే వారం టీసీ తీసుకుంట సార్. ఇది నాతోని కాదు” అన్నాడు.

“ఏమైంది నాయనా?”

“ఈ పుస్తకంల క్వాంటం మెకానిక్స్ అంటే మాత్రికలు అని మొదలువెట్టిండు. ఇంకో పుస్తకంల అంతా తరంగం అంటడు. ఒక్క ముక్క కలుస్తలేదు. రెండిట్ల ఏది రైటో చెప్పకుండ చదువుమంటే ఏం చదువాలె సార్? అందరికీ సమజై నాకొక్కనికే సమజైతలేదేమో అనిపిస్తుంది.”

రైలుకు ఇంకా ముప్పావు గంట ఉంది. ఆ ముప్పావు గంటలో చెప్పింది, చెప్పాలనుకుని మరిచిపోయింది కలిపి ఈ వారం ఇక్కడ రాస్తున్నాను. అతని ప్రశ్న సరిగ్గా 1926లో ఐరోపాలోని పెద్ద పెద్ద భౌతిక శాస్త్రవేత్తలను నిద్రపోనివ్వని ప్రశ్న. ఆ మాట ఎవరో ముందే చెప్పి ఉంటే టీసీ దాకా వచ్చేవాడు కాదు.

కథ 1925 జూన్‌లో మొదలవుతుంది. వెర్నర్ హైసెన్‌బర్గ్‌కు అప్పుడు 23 ఏళ్లు. పుప్పొడి పడక మొహం వాచిపోతే, చెట్టూ చేమా అంతగా లేని హెల్గోలాండ్ అనే దీవికి వెళ్లాడు. అక్కడ ఒక పట్టుదల పట్టాడు. పరమాణువులో ఎలక్ట్రాన్ ఏ దారిలో తిరుగుతుందో ఎవరూ చూడలేదు. మనకు కనిపించేది పరమాణువు ఇచ్చే కాంతి, దాని రంగు, దాని తీవ్రత. కనిపించనిదాని గురించి కథలు మానేసి, కనిపించేవాటితోనే లెక్క కడదామన్నాడు.

ఎలక్ట్రాన్ ఒక శక్తి మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దూకినప్పుడు కాంతి వస్తుంది. అంటే ప్రతి రంగుకూ రెండు గుర్తులుండాలి: ఎక్కడి నుంచి, ఎక్కడికి. టికెట్ మిషన్లు రాకముందు ఆర్టీసీ కండక్టర్ దగ్గర ఉండే ఛార్జీల పట్టిక గుర్తుందా? అడ్డంగా ఊళ్ల పేర్లు, నిలువుగా ఊళ్ల పేర్లు. నెక్కొండ వరస, వరంగల్ నిలువు కలిసే గడిలో ఛార్జీ. హైసెన్‌బర్గ్ రాసుకున్నది అలాంటి పట్టికే. మెట్టుకూ మెట్టుకూ మధ్య గడిలో, ఆ దూకుడుకు సంబంధించిన అంకె. ఎలక్ట్రాన్ స్థానానికి ఒక పట్టిక, దాని ద్రవ్యవేగానికి ఒక పట్టిక.

అలాంటి పట్టికలను మాత్రికలంటారనీ, గణితంలో అవి పాత సరుకేననీ అప్పటికి హైసెన్‌బర్గ్‌కు తెలియదు. ఇంటర్లోనే మన పిల్లలు నేర్చుకునే సంగతిని ఆయన సొంతంగా కనిపెట్టి కంగారుపడ్డాడు: రెండు పట్టికలను గుణిస్తే, ఏది ముందు ఏది వెనక అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతోంది. స్థిత్యంతర ధర్మం పనిచేయడం లేదు. గాటింగెన్‌లో ఆయన పెద్ద సారు మాక్స్ బోర్న్ చూసి, ఇవి తను విద్యార్థిగా చదువుకున్న మాత్రికలేనని గుర్తుపట్టాడు. పాస్కల్ జోర్డాన్‌తో కలిసి అదే ఏడాది ఆ తేడా ఎంతో కూడా తేల్చాడు. స్థానం, ద్రవ్యవేగం ఇటు గుణిస్తే వచ్చేదానికీ అటు గుణిస్తే వచ్చేదానికీ తేడా ప్లాంక్ స్థిరాంకాన్ని బట్టి ఉంటుంది. బోర్న్ సమాధి రాయి మీద ఆ సమీకరణమే చెక్కి ఉంది.

గుణకారంలో వరస మారితే జవాబు మారడమేమిటని కుర్రాడికి అనుమానం. మీ నాన్ననే అడుగు అన్నాను. మిర్చిని కళ్లంలో ఎండబోసి కాంటా పెట్టడం వేరు, కాంటా పెట్టి ఎండబోయడం వేరు. కాయలవే, పనులు రెండూ అవే. కాగితం మీద పడే అంకె మాత్రం ఒకటి కాదు. పిల్లాడు అప్పుడు మొదటిసారి నవ్వాడు.

ఇక రెండో పుస్తకం. 1926 జనవరిలో జూరిచ్ ప్రొఫెసర్ ఎర్విన్ ష్రోడింగర్ పూర్తిగా వేరే దారిలో వచ్చాడు. ఆయన వయసు 38, కుర్రాళ్ల ముఠా మనిషి కాదు. ఎలక్ట్రాన్‌కు తరంగ లక్షణం ఉందని 1924లో ఫ్రాన్స్‌లో డి బ్రోలీ అన్న మాటను పట్టుకుని, ఆ తరంగానికి ఒక అవకలన సమీకరణం రాశాడు. రెండు కొసలూ బిగించిన వీణ తీగ ఇష్టమొచ్చినట్టు మోగదు. ఒక అర, రెండు అరలు, మూడు అరలు, ఇలా లెక్కగా ఇమిడే కంపనాలే నిలుస్తాయి. పరమాణువులో శక్తి మెట్లు కూడా అలాంటివేనన్నాడు. హైడ్రోజన్ పరమాణువుకు లెక్క కడితే మెట్లన్నీ చక్కగా వచ్చాయి. తమాషా ఏమిటంటే, అదే నెలలో పౌలీ మాత్రికలతో నానా తంటాలు పడి హైడ్రోజన్‌కు సరిగ్గా అవే మెట్లు రాబట్టిన వ్యాసం పత్రికకు చేరింది.

ఒక దాంట్లో దూకుళ్లు, గడులు, అంకెలు. ఇంకోదాంట్లో అలలు, నునుపైన వంపులు. జవాబు ఒకటే! శాస్త్రవేత్తలకు అవకలన సమీకరణాలు అలవాటైన సరుకు గనుక చాలామంది ష్రోడింగర్ వైపు మొగ్గారు. హైసెన్‌బర్గ్‌కు అది మింగుడుపడలేదు. ష్రోడింగర్ సిద్ధాంతం గురించి ఆలోచించేకొద్దీ ఏవగింపు కలుగుతోందని పౌలీకి ఉత్తరం రాశాడు. ష్రోడింగర్ తక్కువ తినలేదు. మాత్రికల పద్ధతి తనను భయపెట్టిందనీ, దూరంగా నెట్టిందనీ అచ్చులోనే, ఒక అడుగు గమనికలో పెట్టాడు. అంత పెద్దవాళ్లకే ఎదుటివాడి పుస్తకం చూస్తే అలా ఉంటే, ఎమ్మెస్సీ మొదటి ఏడాది పిల్లాడికి తల తిరగడంలో వింతేముంది?

తగాదా తీర్చే పని మొదలుపెట్టింది కూడా ష్రోడింగరే. 1926 మార్చిలో రెండు పద్ధతులకూ ఉన్న చుట్టరికాన్ని చూపిస్తూ వ్యాసం పంపాడు. అదే రోజుల్లో కాలిఫోర్నియాలో కార్ల్ ఎకార్ట్ విడిగా అదే కనుక్కున్నాడు. పౌలీ కూడా కనుక్కుని, అచ్చువేయకుండా జోర్డాన్‌కు ఉత్తరంలో రాసి ఊరుకున్నాడు.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే కుర్రాడి చిక్కు విడిపోయేది ఇక్కడే. వీణ తీగ మీద ఏ శబ్దం తీసుకున్నా అది మూల కంపనాల మిశ్రమమే. మొదటి కంపనం ఇంత పాలు, రెండోది ఇంత, మూడోది ఇంత అని రాసుకుంటూ పోతే శబ్దం బదులు ఒక అంకెల జాబితా మిగులుతుంది. పాటా, దాని స్వరలిపీ అన్నమాట. లిపి చూసి పాట పాడుకోవచ్చు, పాట విని లిపి రాసుకోవచ్చు. ష్రోడింగర్ తరంగాన్ని ఇలా జాబితాగా రాశాం. ఇప్పుడు ఆ తరంగం మీద ఏదైనా పని చేయండి, అవకలనం చేయడమో, ఎక్స్‌తో గుణించడమో. ఒక్కొక్క మూల కంపనం ఆ పని వల్ల ఏయే కంపనాల మిశ్రమంగా మారిందో రాస్తే? అడ్డంగా కంపనాలు, నిలువుగా కంపనాలు, మధ్యలో అంకెలు. కండక్టర్ పట్టిక వచ్చేసింది. అది హైసెన్‌బర్గ్ రాసిన పట్టికే, గడి గడికీ అదే.

మరి వరస మారితే జవాబు మారడం? అలల్లో అది ఎక్కడ దాక్కుంది? కుర్రాడి చేతే రాయించాను. టికెట్ వెనక చోటు చాలక పుస్తకం అట్ట లోపలివైపు రాశాడు. ఎక్స్ వర్గం తీసుకో. ముందు ఎక్స్‌తో గుణిస్తే ఎక్స్ ఘనం, దాన్ని అవకలనం చేస్తే మూడు ఎక్స్ వర్గాలు. ఇప్పుడు తిరగెయ్. ఎక్స్ వర్గాన్ని ముందు అవకలనం చేస్తే రెండు ఎక్స్, దాన్ని ఎక్స్‌తో గుణిస్తే రెండు ఎక్స్ వర్గాలు. మూడులోంచి రెండు పోతే ఒకటి. మొదట పెట్టిన ఎక్స్ వర్గమే చేతికొచ్చింది! ఎక్స్ ఘనంతో చేశాడు, మళ్లీ ఘనమే. ఇంకేదో పెట్టి చూశాడు, పెట్టిందే వచ్చింది. ష్రోడింగర్ లెక్కలో ద్రవ్యవేగం అంటే ప్లాంక్ స్థిరాంకంతో ముడిపెట్టిన అవకలనమే. కాబట్టి బోర్న్ సమాధి మీది సమీకరణం ఇంటర్ లెక్కలోంచే బయటికొచ్చింది. మాత్రికలకు మాత్రమే సొంతమనుకున్న గుణం అలల పుస్తకంలో మొదటినుంచీ ఉంది, వేరే వేషంలో.

ఒక్క సంగతి ఒప్పుకోవాలి. 1926 నాటి రుజువుల్లో సందులున్నాయి. డిరాక్, జోర్డాన్ ఆ ఏడాది చివరికి రెంటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చారు. గణితజ్ఞులు మెచ్చేట్టు దాన్ని బిగించింది వాన్ నాయ్‌మన్, 1932 నాటి పుస్తకంలో. ఆ హామీ కూడా లెక్కపెట్టగలిగినన్ని కణాలున్నంతవరకే. విద్యుదయస్కాంత క్షేత్రం లాంటి అనంతమైన వ్యవస్థలకు వెళితే ఆ సిద్ధాంతం చేతులెత్తేస్తుంది. ఇంకో మాట కూడా. లెక్కలు ఒకటేనని తేలాక కూడా, ఆ తరంగం అసలు ఏమిటన్న గొడవ ఆగలేదు, ఈ రోజుకూ ఆగలేదు. సూత్రం వేరు, భాష్యం వేరు. ఒకే సూత్రానికి మూడు భాష్యాలున్న దేశం మనది, ఆ తేడా మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. కుర్రాడి రెండు పుస్తకాల మధ్య తేడా భాష్యాలది కాదు, సూత్రాన్ని రాసిన లిపిది.

ఇంతలో ప్లాట్‌ఫారం మీద ఆగకుండా ఒక ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయింది. మంచి సమయానికే వచ్చింది. బెంచీ మీద కూర్చున్న మనకు స్టేషన్ బోర్డు కదల్లేదు, రైలు కదిలింది. కిటికీ పక్కన కూర్చున్నవాడికి తన సీటు కదల్లేదు, నెక్కొండ అన్న పసుపు బోర్డు వెనక్కి పరుగెత్తింది. ఆ ఇద్దరూ బోర్డుకూ కిటికీకీ మధ్య దూరం ఎప్పుడెంతో కొలిస్తే ఒకే అంకె వస్తుంది. ష్రోడింగర్ పద్ధతిలో తరంగం కాలంతో పాటు కదులుతుంది, స్థానం, ద్రవ్యవేగం అనే కొలబద్దలు కదలవు. హైసెన్‌బర్గ్ పద్ధతిలో స్థితి కదలకుండా కూర్చుంటుంది, కొలబద్దలే కదులుతాయి. ప్రయోగశాలలో కనిపించేది రెంటి మధ్య సంబంధం గనుక జవాబు మారదు.

“అట్లయితే ఒక్కటే చదివితే సరిపోదా సార్?” అన్నాడు. తెలివైన ప్రశ్న. సరిపోదు. అందుకే మూడో దారి గురించి చెప్పాల్సి వచ్చింది.

1933లో డిరాక్ ఒక వ్యాసంలో చిన్న సూచన వదిలాడు. అమెరికాలో రిచర్డ్ ఫైన్‌మన్ దాన్ని పట్టుకుని 1942లో ప్రిన్స్‌టన్‌లో పీహెచ్‌డీ చేసి, 1948లో పూర్తి రూపంలో అచ్చువేశాడు. నెక్కొండ నుంచి వరంగల్ పోవాలి. రైల్లో పోవచ్చు, నర్సంపేట మీదుగా బస్సెక్కవచ్చు. ఎటు పోయినా నువ్వు పోయేది ఒకే దారిలో. ఎలక్ట్రాన్ లెక్కలో అలా కుదరదు. ఉన్న దారులన్నీ లెక్కలోకి రావాలి, కేసముద్రం వైపు వెళ్లి వెనక్కి తిరిగొచ్చే తలతిక్క దారితో సహా. ప్రతి దారికీ గడియారం ముల్లు లాంటి ఒక బాణం. అన్ని బాణాలూ కలిపితే సంభావ్యత తేలుతుంది. తలతిక్క దారుల బాణాలు తలో దిక్కూ చూస్తూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎలక్ట్రాన్ బదులు పెద్ద వస్తువైతే, మనకు తెలిసిన మామూలు దారి చుట్టుపక్కలవే మిగులుతాయి. క్రికెట్ బంతి బుద్ధిగా ఒకే దారిలో ఎందుకు పోతుందో ఇంత బాగా చూపించే పద్ధతి నాకు ఇంకోటి తెలియదు. క్షేత్రాల సిద్ధాంతంలో ఈనాడు రాజ్యమేలేది కూడా ఇదే.

అయితే ఈ రాజుగారికి ఒక వీక్‌నెస్ ఉంది. ష్రోడింగర్ మొదటి వ్యాసంలోనే పూర్తయిన హైడ్రోజన్ పరమాణువును, ఈ దారుల మొత్తం పద్ధతిలో పూర్తిగా సాధించడానికి 1979 దాకా పట్టింది. డ్యురు, క్లైనర్ట్ అనే ఇద్దరు సాధించారు. జవాబు ఒకటే, దానికి పడే చెమట ఒకటి కాదు. అందుకే ఒక్క పుస్తకం చాలదు.

ఇలాంటి దారులు ఎన్నున్నాయి? 2002లో డేనియల్ స్టైర్, మరికొందరు కలిసి ఒక అమెరికన్ బోధనా పత్రికలో తొమ్మిదింటిని లెక్కగట్టారు. అన్నీ ఇక్కడ ఏకరువు పెట్టను. రెండు మాత్రం మన గడప దగ్గరివి.

ఒకటి, స్థానం, ద్రవ్యవేగం రెంటినీ ఒకే పటం మీద గీసే పద్ధతి. 1932లో విగ్నర్ మొదలుపెట్టింది. ఆ పటంలో కొన్నిచోట్ల సంభావ్యత సున్నా కన్నా తక్కువకు పోతుంది, అది మామూలు సంభావ్యత కాదని గుర్తుచేయడానికన్నట్టు. ఒకే క్వాంటం రాశికి ఇలాంటి పటాలు చాలా రకాలుగా గీయొచ్చు. వాటన్నిటినీ ఒకే సూత్రంలో ఇమిడ్చి, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా వెళ్లాలో 1970లో జి.ఎస్. అగర్వాల్, ఎమిల్ వోల్ఫ్ చూపించారు. ఆ అగర్వాల్ తర్వాత చాలాకాలం హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశారు.

రెండోది కూడా ఆ గచ్చిబౌలి ప్రాంగణంలోదే. న్యూటన్ బాటలో హామిల్టన్, జాకోబీ వేసిన పాత యాంత్రికశాస్త్రపు సమీకరణానికి క్వాంటం రూపం ఇచ్చి, 1983లో లీకాక్, ప్యాడ్జెట్ ఒక పద్ధతి చెప్పారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో భల్లా, కపూర్, పాణిగ్రాహి దాన్ని తీసుకుని, విద్యార్థులకు అర్థమయ్యేలా 1997లో వ్యాసం రాశారు. దాని సొగసు ఏమిటంటే, తరంగం పూర్తి రూపం తెలియకుండానే శక్తి మెట్లు చెప్పేయొచ్చు. తీగ మోగుతున్నప్పుడు మధ్యలో కదలకుండా ఉండే బిందువులు ఎన్నో లెక్కపెట్టడం లాంటిది. సున్నా ఉంటే మొదటి మెట్టు, ఒకటుంటే రెండోది. అన్ని సమస్యలకూ పనికిరాదు, పనికొచ్చిన చోట హాయిగా ఉంటుంది.

తెలుగువాళ్లలో ఈ సంగతిని ముందే ఇంకో కోణంలో పట్టుకున్నవారు సూరి భగవంతం. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, కలకత్తాలో రామన్ దగ్గర చేరారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి. వెంకటరాయుడుతో కలిసి స్ఫటికాల మీద, అణువుల మీద పనిచేశారు. సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు ఎలా వాడాలో వాళ్లిద్దరూ రాసిన పుస్తకాన్ని 1948లో ఆ విశ్వవిద్యాలయమే వేసింది. ఒక అణువును ఎటెటు తిప్పితే, ఏ అద్దంలో చూస్తే మళ్లీ అలాగే కనిపిస్తుందో తెలిస్తే చాలు, రామన్ వర్ణపటంలో ఏ గీతలకు చోటుందో, వేటికి లేదో చెప్పొచ్చు. మాత్రికలు వాడావా, తరంగాలు వాడావా అని ఆ సౌష్ఠవం అడగదు. లిపి ఏదైనా మారనిదాన్ని పట్టుకున్నారు వాళ్లు. ఆ పుస్తకం మన పిల్లల చేతుల్లో ఎక్కువగా కనపడకపోవడం నాకు ఇప్పటికీ చిన్న లోటే.

రైలు సిగ్నల్ పడింది. పుస్తకాలు సంచిలో సర్దుతున్నవాడికి ఒక పని అప్పజెప్పాను. స్ప్రింగ్‌కు కట్టిన గోళీ ఊగిసలాట తీసుకో. అతి తక్కువ శక్తి ఎంతో ఒక పుస్తకంలోని మాత్రికలతో కట్టు. ఇంకో పుస్తకంలోని తరంగంతో మళ్లీ కట్టు. ఒకదాన్ని చూసి ఇంకోదాంట్లో దింపొద్దు. సున్నా వస్తుందనుకుంటావు, రాదు. ఎంతొస్తుందో నేను చెప్పను. టీసీ తీసుకునేది ఆ తర్వాతే చూద్దువుగాని అన్నాను. నంబరు రాసుకున్నాడు, రైలెక్కాడు.

మూడో వారం రాత్రి పది దాటాక ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. రెండు తెల్ల కాగితాలు పక్కపక్కన. ఒకటి నిండా గడుల పట్టికలు, కొట్టివేతలు. ఇంకోదాంట్లో గంట ఆకారం వంపు, దాని కింద అవకలనాలు. రెండు కాగితాల అడుగునా ఒకే జవాబుకు ఎర్ర ఇంకుతో చుట్టిన గుండ్రం: ప్లాంక్ స్థిరాంకాన్ని ఊగే వేగంతో గుణించి, అందులో సగం. కింద ఒక్క లైను.

“రెండిట్ల సగమే వచ్చింది సార్.”

టీసీ సంగతి రాయలేదు. నేనూ అడగలేదు. ఫైన్‌మన్ దారిలో కూడా కట్టి చూడమని మాత్రం జవాబిచ్చాను.